రేపల్లె కారు, దాని కొసర్లు

మా ఆవిడ భవిష్యత్తును పట్టపగలు, నడిరోడ్డు మీద, కొబ్బరిబోండాల బండి పక్కన ఎలా ఆపేశానో మీకు చెబుతాను. ఇందులో వరద లేదు, పిడుగు లేదు, దొంగలు లేరు. జరిగిన విధ్వంసమంతా నా తెలివితేటల వల్లే జరిగింది. తెలివి తక్కువై చెడినవాళ్ల కథలు మీరు చాలా వినుంటారు. ఇది తెలివి ఎక్కువైనవాడి కథ. కాస్త ఓపిగ్గా వినండి.

మాది తెనాలి. స్టీలు సామాన్ల కొట్టు. నేను ఉయ్యాల్లో కాదు, ఇడ్లీపాత్రలు వచ్చిన అట్టపెట్టెలో పెరిగాను. నాకు వచ్చిన మొదటి మాట "అమ్మ" కాదట, "ఇంకొంచెం తగ్గించండి" అట. ఇది మా మేనత్త చెప్పే మాట. అబద్ధమని మీకనిపిస్తే ఆవిణ్ణే అడగండి, ఇంకొంచెం కలిపి చెబుతుంది.

మా ఇంట్లో బేరం ఒక ఎత్తు, కొసరు ఒక ఎత్తు. ధర ఎంతకి తెగినా సరే, చివర్లో పైన ఏదో ఒకటి ఊరికే రావాలి. కూరగాయలు కొంటే కరివేపాకు, పప్పు కొంటే గుప్పెడు పప్పు, బిందె కొంటే చెంచా. కొసరు లేకుండా కొట్టు మెట్లు దిగినవాడు మా వంశంలో లేడు. మా తాతగారు ఒకసారి పన్ను పీకించుకుని, ఫీజు ఇచ్చాక, "కొసరుగా ఆ పక్కదాన్ని కూడా ఓసారి చూడండి డాక్టరుగారూ" అన్నారట. ఆయన చూసి దాన్నీ పీకేశారు. తాతగారు చాలా సంతోషంగా ఇంటికొచ్చారు.

ఆ రక్తమే నాది. ఇక కారు సంగతికి వస్తాను.

పెళ్లయిన కొత్తలో, రేపల్లెలో ఒక రైసుమిల్లు ఆసామి పాత కారు అమ్ముతున్నాడని తెలిసి రైలెక్కి వెళ్లాను. కారు మిల్లు ఆవరణలో, తవుడు బస్తాల పక్కన, మిల్లు గేదెలా పడుకుని ఉంది. దాని వయసెంతని అడిగితే ఆసామి, "మా చిన్నోడికంటే చిన్నదండి" అన్నాడు. పసిబిడ్డ అనుకుని మురిసిపోయాను. ఈలోగా చిన్నోడు మంచినీళ్లు పట్టుకొచ్చాడు. బుగ్గమీసాలున్నాయి.

బేరం టీతో మొదలై భోజనాల దాకా సాగింది. మధ్యలో ఆసామి రెండుసార్లు లేచి వెళ్లిపోయాడు, ఒకసారి నేను వెళ్లిపోయాను. చివరికి ఇద్దరం చేతులు కలిపాం. తాళంచెవి నా చేతిలో పడింది. అప్పుడు అడిగాను.

"మరి కొసరేంటండి?"

"కారుకి కొసరేంటండి బాబూ?"

"ఏదో ఒకటండి. ఖాళీ చేతుల్తో వెళ్తే మా నాన్న గుమ్మం ఎక్కనివ్వడు."

"ఖాళీ చేతులేంటండీ, కారుతో వెళ్తున్నారు గదా!"

"అది బేరం కిందికి వస్తుందండి. నేను అడిగేది కొసరు."

ఆసామి నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. మిల్లు గదిలోకి వెళ్లి, దుమ్ము పట్టిన ఒక ఇనపపెట్టె పట్టుకొచ్చాడు. అది యాంప్లిఫయర్. కార్లో పాట పెడితే పక్క ఊరికి కూడా వినిపించే యంత్రమన్నమాట. "మావాడు ముచ్చటపడి కొన్నాడండి. దాని మోతకి మా ఆవిడకి తలనొప్పి పట్టుకుంది. పట్టుకెళ్లండి, పుణ్యముంటుంది."

మిల్లులో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ దాన్ని వెనకసీటు కింద బిగించాడు. బిగిస్తూ, "స్విచ్చి ఎక్కడ పెట్టమంటారండి?" అని అడిగాడు.

"స్విచ్చి కూడా కొసరేనా?"

"కాదండి. స్విచ్చి మీరు తెచ్చుకోవాలి."

"అయితే స్విచ్చెందుకు? తీగ తిన్నగా బ్యాటరీకి తగిలించెయ్."

"అట్టా వద్దండి..."

"నువ్వు తగిలించవయ్యా. పనిచేస్తుందా, చేయదా?"

"చేస్తదండి. ఆగకుండా చేస్తది."

అతను అన్న ఆ ఆఖరి మాటను నేను యంత్రానికి మెచ్చుకోలుగా తీసుకున్నాను. దాన్ని హెచ్చరికగా తీసుకునేపాటి బుద్ధి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీరు వేరే పని చూసుకునేవారు.

కొన్న కొద్దిరోజులకే ఒక పొద్దున కారు లేవలేదు. తాళం తిప్పితే "టిక్" అంది. మళ్లీ తిప్పితే ఆ "టిక్" కూడా అనలేదు. వీధిలో నలుగుర్ని పిలిచి నెట్టిస్తే లేచింది. బ్యాటరీ కొట్టుకి తీసుకెళ్తే ఆయన మీటరు పెట్టి చూసి, "ముసలిదైపోయిందండి, మార్చెయ్యాలి" అన్నాడు. మార్చాను. మార్చేముందు ఎంత బేరమాడానంటే, చివర్లో ఆయన చేతులు జోడించి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం మీదే నేను కొసరు అడిగాను. నీలంరంగు లైట్ల పట్టీ ఇచ్చాడు. కాళ్లు పెట్టుకునేచోట సీట్ల కింద వెలుగుతుంది. దాన్నీ బ్యాటరీకే తగిలించారు. అప్పటికి నాకది ఆచారమైపోయింది.

కొత్త బ్యాటరీ కూడా పడుకుంది.

ఈసారి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. "టెర్మినల్స్ మీద ఉప్పు పట్టిందండి, అందుకే" అని వేడినీళ్లతో కడిగి, గ్రీజు రాశాడు. పని బాగానే చేశాడు. కొసరుగా, కారు ముందు అద్దం దగ్గర పెట్టుకునే చిన్న దేవుడి బొమ్మ ఇచ్చాడు. తల వెనక రంగురంగుల చక్రం తిరుగుతూ ఉంటుంది. "దీనికి స్విచ్చి..." అని అతను నోరు తెరిచేలోగా, "దేవుడికి స్విచ్చేంటయ్యా, అపచారం!" అన్నాను. నా పొదుపుకి భక్తి కూడా తోడైందన్నమాట.

మళ్లీ పడుకుంది. ఇంకొకడు డైనమో అన్నాడు, దాన్ని విప్పి బాగుచేసి, కొసరుగా సెల్లు ఛార్జరు బిగించాడు. రోగం ముదిరేకొద్దీ కారు పెళ్లికూతురిలా తయారవుతూ వచ్చింది. పొద్దున్నే నడకకి వెళ్లే పెద్దలు మా వీధి మానేసి, పక్క వీధిలోంచి వెళ్లడం మొదలుపెట్టారు. నెట్టలేక.

ఇక మా ఆవిడ సుజాత. చీరాలలో బట్టల వ్యాపారం చేసేవారి అమ్మాయి. పెళ్లికి ముందునుంచీ టీచరు ఉద్యోగానికి చదువుతోంది. అన్నం వండుతూ, బట్టలారేస్తూ, మా కొట్లో గిన్నెలు తుడుస్తూ కూడా చదివేది. ఇన్నాళ్లకి ఉద్యోగాలు పడ్డాయి, పరీక్ష వచ్చింది. బాపట్లలో ఒక కాలేజీలో సెంటరు. గేటు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. మళ్లీ ఎప్పుడు పడతాయో ఆ ప్రభుత్వానికి కూడా తెలీదు.

"రైలుకి వెళ్దామండీ. తెనాల్లో ఎక్కితే బాపట్లలో దిగడమే" అంది సుజాత.

"ఇంట్లో కారు పెట్టుకుని రైలేంటి? నలుగురూ నవ్వుతారు."

"ఇప్పుడు నవ్వట్లేదా?"

"నిన్ననే ఛార్జింగ్ పెట్టించాను. దర్జాగా ఏసీలో చదువుకుంటూ వెళ్దువుగాని."

"ఆ కార్లో అయితే నేను ఇవాళే బయల్దేరతాను. వచ్చేవారానికి చేరతానేమో."

చివరికి నా మాటే నెగ్గింది. ఇంట్లో నా మాట నెగ్గిన రోజులు చాలా తక్కువ. నెగ్గిన ప్రతిసారీ ఇలాంటిదే జరిగింది.

పరీక్ష రోజు పొద్దున కారు తనంతట తనే లేచింది. నేను గర్వంతో సుజాత వైపు చూశాను. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తలేదు. సంగం జాగర్లమూడి దాటాం, చేబ్రోలు దాటాం. ఏసీ పెట్టాను, నీలం లైట్లు వెలుగుతున్నాయి, దేవుడి చక్రం తిరుగుతోంది, సెల్లు ఛార్జింగ్ ఎక్కుతోంది. విమానం నడుపుతున్నట్టుంది నాకు. పొన్నూరు కూడా దాటాక రోడ్డుపక్కన కొబ్బరిబోండాల బండి కనిపించింది. టైము బోలెడుంది. ఆపాను.

"ఆపితే ఆపారు, ఇంజను మాత్రం ఆపకండి!" అంది సుజాత.

"ఊరికే పెట్రోలు కాలుతుంది" అని ఆపేశాను.

అయ్యా, అమ్మా, తెనాలి కొట్లో పుట్టినవాడు నిలబడ్డ బండిలో పెట్రోలు కాలుతుంటే చూడలేడు. ఇంజను ఆపాను గానీ ఏసీ ఫ్యాను ఆపలేదు, ఆవిడకి ఉక్కపోస్తుందని. దిగి బోండాలవాడితో బేరం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేసరికి రెండు బోండాలు, కొసరుగా గిన్నెడు లేతకొబ్బరి సంపాదించాను. విజయగర్వంతో వచ్చి తాళం తిప్పాను.

"టిక్."

సుజాత పుస్తకం మూసింది. ఆ మూసిన చప్పుడు ఇప్పటికీ నాకు చెవుల్లో వినిపిస్తుంది.

"ఇంకోసారి తిప్పండి."

తిప్పాను. ఏమీ అనలేదు. దేవుడి వెనక చక్రం మాత్రం మెల్లగా, నీరసంగా, ఆయాసపడుతూ తిరుగుతోంది. అదీ ఆగిపోయింది.

బోండాలవాడు, నేను కలిసి నెట్టాం. దారినపోయే రైతు ఒకాయన సైకిలు స్టాండు వేసి వచ్చి ఆయనా నెట్టాడు. సుజాత తాళం తిప్పి గేరు వేసింది. కారు దగ్గింది, ఊగింది, ఆగింది. మళ్లీ నెట్టాం. మళ్లీ దగ్గింది. ఆ రైతు నడుం పట్టుకుని, "దీన్ని ఇక్కడే పాతిపెట్టెయ్యండి బాబూ" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఒక బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద మనుషులు వేలాడుతున్నారు, వాళ్లూ పరీక్షకి వెళ్లేవాళ్లే. చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. ఇందాక బోలెడున్న టైము బోండాల దగ్గరే తరిగిపోయింది. సుజాత నన్ను తిట్టలేదు. హాల్‌టికెట్ గుండెకి ఆనించుకుని రోడ్డు మీదికి నడిచింది. తిడితే బాగుండేది. ఎన్నేళ్లు చదివిందో నాకు తెలుసు. నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

అప్పుడొచ్చింది, చేపల వ్యాపారం చేసే కొండమ్మగారి ట్రాలీ ఆటో.

తెల్లవారుజామునే సూర్యలంక రేవులో చేపలు ఎత్తుకుని, పొన్నూరులో దించేసి, ఖాళీ బుట్టలతో బాపట్ల తిరిగి వెళ్తోంది. ఆవిడ అల్లుడు నడుపుతున్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది. ముక్కుకి రెండువైపులా పుడకలు, నుదుట రూపాయంత బొట్టు, నోట్లో కిళ్లీ. సుజాత చెయ్యెత్తగానే ఆటో ఆగింది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"బాపట్లలో పరీక్ష ఉందండి. కారు ఆగిపోయింది. గేటు మూసేస్తారు."

ఇక్కడ మామూలు భర్త ఎవడైనా ఏం చేస్తాడు? భార్యని ఎక్కించి దణ్ణం పెడతాడు. నేనేం చేశానో వినండి. ముందుకెళ్లి, ఆటో మీద ఒక మోచెయ్యి ఆనించి, ఎంతో అనుభవంతో, "బాపట్ల దాకా ఏం తీసుకుంటారు పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ధర పెంచే ఎత్తని నా అనుభవం చెప్పింది.

"ఖాళీగా వెళ్లే బండే కదండీ. ఎటూ అటే వెళ్తున్నారు. ఆలోచించి చెప్పండి."

"ఏవండీ!" అంది సుజాత.

"నువ్వుండు. చూడండి పిన్నిగారూ, సర్వీసు ఆటోకి ఇచ్చేదాంట్లో సగం..."

"ఏంటయ్యా నువ్వు?" అంది కొండమ్మగారు, కిళ్లీ పక్కకి తోసి. "ఇందాకట్నుంచీ ఎవరితో బేరమాడతన్నావ్? నేను డబ్బులడిగానా?"

"అడగలేదండి."

"మరి దేనికి తగ్గిస్తన్నావ్?"

ఊరికే ఇస్తున్నదానికి బేరమాడినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. తాతగారు కూడా అంత దూరం వెళ్లలేదు.

ఆవిడ అప్పటికే కిందికి దిగింది. "పాపా, నువ్వు ముందు కూచో. చీర పాడవుద్ది, వెనక నీళ్లున్నాయి" అని సుజాతని తన చోట కూర్చోబెట్టి, తను వెనక తడిబుట్టల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "పోనీరా అల్లుడా! బ్రేకు మీద కాలు పెట్టావంటే ఊరుకోను."

సుజాత తల బయటపెట్టి నాతో అన్న మాటలు ఇవి: "నేను బయటికొచ్చేసరికి ఈ కారు జబ్బేంటో తేలాలి. తేలకపోతే నేను అటునుంచి అటే చీరాల రైలెక్కుతాను. మీరు, మీ కారు తెనాలికి వెళ్తారో, ఇక్కడే కాపురం పెడతారో మీ ఇష్టం."

ఆటో కదిలింది. మీరు నన్ను క్షమించాలి. కదిలే ఆటో వెంట పరిగెత్తుతూ, అలవాటు చొప్పున, నోటికొచ్చేసింది.

"పిన్నిగారూ! ఎటూ ఇంత సాయం చేస్తున్నారు, పనిలో పని, ఈ కారు కూడా లాక్కెళ్లే ఏర్పాటేమైనా..."

ఊరికే వచ్చినదాని మీద కూడా కొసరు అడిగాను! బుట్టల మధ్యలోంచి కొండమ్మగారి నవ్వు పెద్దగా వినిపించింది. "పంపిస్తాలేవయ్యా! ముందు పిల్లని దింపనీ!"

నేను బోండాల బండి దగ్గర కూలబడ్డాను. బోండాలవాడు నా మొహం చూసి ఒక బోండాం కొట్టి ఇచ్చాడు. ధర అడగలేదు నేను. నా జీవితంలో అదొక మైలురాయి.

చెప్పినట్టే అల్లుడు తిరిగొచ్చాడు, నా మణికట్టంత లావున్న పడవ తాడుతో. అతను దిగేలోపే అడిగాను, "అందిందా?"

"అందిందండి. గేటు సగం మూసేశాడండి వాచ్‌మాను. మా అత్త వెళ్లి ఆ సగంలో నిలబడిందండి. 'ఏం నాయనా, పొద్దున ఏమన్నా తిన్నావా? ఎప్పుడనగా నిలబడ్డావో పాపం' అని అడిగిందండి. అతను తినలేదని చెప్పేలోపు అమ్మగారు లోపలికెళ్లిపోయారండి. ఆ తర్వాతే గంట కొట్టారు."

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. బేరంలో నోరు పడిపోయిన సందర్భాలు నాకు లేవు. అది బేరం కాదు కాబట్టి పడిపోయింది.

బాపట్లలోకి నా ప్రవేశం చూడవలసిందే. ముందు చేపల ఆటో, వెనక పడవ తాడు, దానికి నా కారు, కారు పైన కాకులు. ఊరేగింపులా వెళ్లి బాబ్జీ షెడ్డు ముందు ఆగాం. బాబ్జీ కార్ల ఎలక్ట్రీషియన్. తన గురించి తనే గొప్పగా చెప్పుకునేవాళ్లలో అంత ఓపికైనవాణ్ణి నేను చూడలేదు.

"కరెంటు నాతో మాట్లాడుద్ది సార్" అన్నాడు బానెట్ ఎత్తుతూ. "చూడగానే చెప్పేస్తా. డైనమో."

"బాగుచేయించానండి."

"అయితే బ్యాటరీ."

"కొత్తదండి."

"టెర్మినల్స్!"

"కడిగించాను."

బాబ్జీ బానెట్ మీద చెయ్యి వేసి ఆలోచించాడు. కరెంటు ఆ వేళ అతనితో మాట్లాడే ఉద్దేశంలో లేనట్టుంది. తర్వాత ఒక బ్యాటరీ అరువు పెట్టి, దాని మైనస్ తీగ విప్పి, ఆ మధ్యలో ఒక చిన్న బల్బు కట్టాడు. తాళంచెవి తీసేసి, తలుపులన్నీ మూయించాడు.

"మీకేం వ్యాపారం సార్?"

"స్టీలు సామాన్ల కొట్టు."

"అయితే ఇట్టా అనుకోండి. షట్టరు దించేశారు, తాళం వేశారు, ఇంటికెళ్లారు. కొట్లో ఎవరూ లేకపోతే ఈ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే లోపల ఎవడో కూర్చుని తింటున్నాడని."

బల్బు వెలుగుతోంది. తింటున్నాడు.

"ఇప్పుడు ఒక్కో ఫ్యూజూ పీకుతా. ఏది పీకితే బల్బు ఆరుద్దో వాడే దొంగ."

హెడ్‌లైట్ల ఫ్యూజు పీకాడు. బల్బు వెలుగుతోంది. హారను పీకాడు. వెలుగుతోంది. వైపర్లు, ఏసీ, రేడియో, అన్నీ పీకాడు. చివరికి ఫ్యూజుల పెట్టె మా తాతగారి నోరులా బోసిగా అయిపోయింది. బల్బు మాత్రం చిద్విలాసంగా వెలుగుతూనే ఉంది.

"ఇది అన్యాయం సార్" అన్నాడు బాబ్జీ, గొంతు తగ్గించి. "ఈ బండికి ఏదో చేయించారు."

నేను వెనకసీటు మీద కూర్చున్నాను. గడియారం వైపు చూశాను. పరీక్ష అయిపోతే సుజాత బయటికి వచ్చేస్తుంది, ఆ కాలేజీకి రైల్వేస్టేషను దగ్గరే. ఏం తోచక చెయ్యి కిందికి జార్చి సీటు కింద పెట్టాను. ఇనపపెట్టె తగిలింది. వెచ్చగా ఉంది. తాళంచెవి తీసి, తలుపులు మూసి, ఫ్యూజులన్నీ పీకేసిన కార్లో, కోడి పొదిగిన గుడ్డులా వెచ్చగా ఉంది.

"బాబ్జీ... దీనికి ఫ్యూజు లేదు."

"మరి ఎక్కడ్నించి ఇచ్చారు కరెంటు?"

"తిన్నగా బ్యాటరీకి."

"స్విచ్చి?"

నేను బయటికి చూశాను. బాబ్జీ మ్యాటు లేపాడు. బ్యాటరీ వైపునుంచి నాలుగు తీగలు జడలా అల్లుకుని లోపలికి వస్తున్నాయి. "ఇదేంటి సార్, ఇంత జడ!" ఒక్కోటీ లాగుతుంటే నేను ఒక్కోదాన్నీ గుర్తుపట్టి పేరు చెప్పాను. ఇది రేపల్లె కొసరు. ఇది బ్యాటరీ కొట్టు కొసరు. ఇది దేవుడు. ఇది డైనమో బాగుచేసినవాడు ఇచ్చింది. ఇనపపెట్టె తీగ లాగగానే బల్బు కునుకు పట్టినట్టు సన్నబడింది. మిగతావీ లాగాక ఆరిపోయింది.

బాబ్జీ అన్నీ బల్ల మీద పేర్చి, వాటివంకా నావంకా మార్చి మార్చి చూశాడు. "ఇవన్నీ ఎందుకు పెట్టించారు సార్?"

"ఊరికే వచ్చాయి."

"ఊరికేంటి సార్! ఒక్కోటి మీ బ్యాటరీ మీద పడి తింటుంటే! బ్యాటరీ కొన్నారు, డైనమో విప్పించారు, ఇంకా ఊరికే అంటారేంటి?"

నేను మనసులో లెక్క వేయబోయి, వ్యాపారస్తుణ్ణి కాబట్టి ఫలితం ముందే తెలిసి, మానేశాను.

అరువు బ్యాటరీతో కారు లేపి, నాదాన్ని ఛార్జింగ్ ఎక్కించి మళ్లీ బిగించాడు. దేవుడి బొమ్మని మాత్రం తీగ తీసేసి వెనక్కి ఇచ్చాడు. చక్రం లేకుండా ఆయన కూడా తేలికపడ్డట్టు కనిపించాడు.

కాలేజీ గేటు దగ్గరికి కారులోనే వెళ్లాను. సుజాత బయటికి వస్తుంటే ఎదురెళ్లి, "దొరికింది! యాంప్లిఫయరు! వెచ్చగా ఉంది!" అని అరిచాను. ఈలోగా నా వెనకనుంచి ఎవరో, "పరీక్ష ఎట్టా రాశావమ్మా?" అన్నారు. కొండమ్మగారు. ఇంటికెళ్లి స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని, పిల్ల ఎలా రాసిందో కనుక్కుందామని వచ్చి గేటు నీడలో కూర్చుందట. ఎవరి పిల్ల? పొద్దున రోడ్డు మీద చెయ్యెత్తిన పిల్ల.

సుజాత ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. బాగా రాసిందట. అందుకే ఏడ్చింది. ఆ ప్రశ్న నేను అడగాల్సింది. కారు సంగతి రేపైనా చెప్పొచ్చు. ఇప్పటికీ కొండమ్మగారిని తలుచుకుంటే నాకు ముందు చేపల ఆటో గుర్తురాదు, ఆ గేటు నీడే గుర్తొస్తుంది.

ఉద్యోగం వచ్చింది. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో బడి. రోజూ రైలెక్కి వెళ్తుంది, నేను ఏమీ అనను. ఆర్డరు చేతికొచ్చిన వారంలోనే కొండమ్మగారికి చీర పెట్టాలని చీరాల వెళ్లాం, మా మామగారి కొట్టుకే. సుజాత చీర ఎంచింది. మామగారు ధర చెప్పారు. నేను ఇచ్చేశాను. తగ్గించమనలేదు, కొసరడగలేదు. మామగారు చీర మడతపెట్టడం ఆపి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"అల్లుడుగారూ, ఒంట్లో బాగానే ఉందాండి?"

"బాగానే ఉందండి. కొసరు మానేశాను."

ఆయన లోపలికి తిరిగి, "ఏవమ్మా, అల్లుడుగారికి కాస్త మజ్జిగ తీసుకురా" అన్నారు.

అక్కణ్నించి బాపట్ల. కొండమ్మగారు మిఠాయి పొట్లం తీసుకుంది, సుజాత బుగ్గలు నిమిరింది, చీర విప్పి వెలుగులో పట్టి చూసింది. అంచు చూసింది, కొంగు చూసింది, మడతల్లో చెయ్యి పెట్టి వెతికింది. మళ్లీ వెతికింది.

"జాకెట్టు ముక్క ఏది?"

"దీనికి రాదండి పిన్నిగారూ."

"రాకపోతే? కొసరు అడగలేదా?"

"...లేదండి."

"చీర కొని కొసరు అడగలేదా!" ఆవిడ చీర ఒళ్లో పడేసి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "రోడ్డు మీద నా ఆటోకి బేరమాడావ్, కారు లాక్కెళ్లమన్నావ్. అక్కడ ఉన్న నోరు కొట్లో ఏమైంది? ఏం వ్యాపారస్తుడివయ్యా నువ్వు!"

సుజాత నవ్వి నవ్వి గోడకి చేరగిలబడింది. నేను మళ్లీ చీరాల వెళ్లాను. మామగారి ఎదుట నిలబడి, తలెత్తి, జాకెట్టు ముక్క అడిగాను. ఆయన మొహం విప్పారింది. రెండు ఇచ్చారు.

కాబట్టి, తెనాలి కొట్ల సాక్షిగా, రేపల్లె రైలు సాక్షిగా, కొండమ్మగారి పడవ తాడు సాక్షిగా, నేను చేస్తున్న ప్రతిజ్ఞ వినండి. ఈ జన్మలో కరెంటు తీగ వేలాడే కొసరు ముట్టను. ఎవరైనా బలవంతంగా చేతిలో పెట్టినా, కళ్లు మూసుకుని వెనక్కి ఇచ్చేస్తాను. ఒకవేళ తప్పనిసరై పుచ్చుకోవలసి వస్తే, ముందు దానికి స్విచ్చి అడుగుతాను.

కొసరుగా.